నలభై మూడు అంగుళాల మబ్బు

టీవీల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యానని తెలిస్తే చాలు, పెళ్ళి పందిట్లో అయినా, సెలూన్‌లో అయినా కుర్రవాళ్ళు నన్ను ఒకే ప్రశ్న అడుగుతారు. "సార్, హాల్లోకి నలభై మూడు అంగుళాలది తీసుకోవాలనుకుంటాండాం. ఏది మంచిదో మీరే సెప్పాల." నేను కంపెనీ పేరు చెప్పను. షోరూంలో వాళ్ళు వేసి చూపించే జలపాతాలను, రామచిలుకలను, కోసిన దానిమ్మ పండును చూసి మోసపోవద్దని మాత్రం చెబుతాను. ఆ బొమ్మలతో ఏ టీవీ అయినా ముస్తాబైన పెళ్ళికూతురే. తెర నిండా ఒట్టి బూడిద రంగు వేయించుకుని, లైట్లు ఆర్పించి అర నిమిషం చూడండి. మూలల్లో వెలుగు కారుతోందా, ఎక్కడైనా మబ్బు పట్టినట్టుందా, ఏదైనా చుక్క వెలగకుండా చచ్చిపోయిందా, అన్నీ అందులోనే తెలిసిపోతాయి. షోరూం కుర్రాడు విసుక్కుంటాడు. విసుక్కోనివ్వండి.

వాళ్ళు తలూపి భోజనాల వైపు వెళ్ళిపోతారు. ఆ బూడిద రంగు వెనకాల నాకొక కథ ఉంది. అది పందిట్లో నిలబడి చెప్పేది కాదు. ఇప్పుడు తీరుబడిగా కూర్చున్నాను కాబట్టి, కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న మీలాంటివాళ్ళ కోసం రాస్తున్నాను.

మాది చిత్తూరు. నాయన బెల్లం మండీలో సరుకు నాణ్యం చూసే మనిషి. రైతు తెచ్చిన అచ్చు నుంచి చిన్న ముక్క విరిచి, వెలుతురుకు ఎత్తి పట్టుకుని, ఎడమ కన్ను మూసి కుడి కంటితో చూసేవాడు. "ఇది మొదటి రకం," "ఇది రెండో రకం," అంతే. ఆయన మాటకు ఎదురు చెప్పినవాళ్ళను నేను చూడలేదు. చదువుకుని రేడియోలు, టీవీలు బాగుచేసే పని నేర్చుకున్నాను గానీ, ఆ ఒంటికన్ను చూపు మాత్రం ఆయన దగ్గర నుంచి నాకు ఉచితంగా వచ్చింది.

తిరుపతిలో చాలా ఏళ్ళు చిన్న రిపేరు కొట్టు నడిపాను. బస్తాలాంటి పాత టీవీలు పోయి పలకలాంటి టీవీలు వచ్చాక కొట్టుకు వచ్చేవాళ్ళు తగ్గారు. అప్పుడు రేణిగుంట వైపు ఉన్న ఒక ఫ్యాక్టరీలో తనిఖీ పనికి తీసుకున్నారు. తయారైన నలభై మూడు అంగుళాల టీవీలన్నీ చివరగా నా ముందుకు వచ్చేవి. నేను చూసి వెనకాల స్టిక్కరు వేయాలి. ఏ అంటే షోరూంకి పోతుంది. బీ అంటే సెకండ్స్, సగానికి సగం ధరకు ఎక్కడో అమ్ముడుపోతుంది. ఆ రెండక్షరాల మధ్య ఏ టీవీ ఎటు పోవాలో తేల్చేది నేనే.

నా గదిని మీరు చూసి ఉంటే నవ్వుకునేవారు. నాలుగు గోడలకూ నల్లగుడ్డ. తలుపు వేస్తే చెయ్యి కూడా కనిపించదు. నేలకు బిగించిన కుర్చీ ఒకటి, ఎదురుగా టీవీ పెట్టే స్టాండు. ఎరుపు, పచ్చ, నీలం, తెలుపు, నలుపు వరసగా వచ్చి పోయేవి. చివరగా బూడిద రంగు వచ్చి అర నిమిషం నిలబడేది. చూపు తెర మధ్యలోనే ఉండాలి, కళ్ళు అటూ ఇటూ తిప్పకూడదని మాకు నేర్పారు. తిప్పితే లేనిపోని నీడలు కనిపిస్తాయట. బూడిద రంగు రాగానే నేను ఎడమ కన్ను మూసేవాణ్ణి. అది ఎవరూ నేర్పింది కాదు, మండీలో నాయన దగ్గర అబ్బింది.

ఏమీ లేని చోట ఏముందో చూడటమే నా ఉద్యోగం. ఆ చల్లటి చీకట్లో, ఆ బూడిద వెలుగు ముందు కూర్చుంటే కాసేపటికి తెర ఎక్కడ మొదలైందో, నేను ఎక్కడ ముగిశానో తెలిసేది కాదు. నిద్ర కాదు, మెలకువా కాదు. తెల్లవారుజామున అలిపిరి దగ్గర నిలబడితే కొండ ఉందని తెలుస్తుంది గానీ కొండ కనిపించదు చూడండి, అట్లా ఉండేది. ఒక్కోసారి అందులో మా చిత్తూరు వీధులు కనిపించేవి, మండీలో బెల్లం మీద ముసిరే ఈగల చప్పుడు కూడా వినిపించేది. మళ్ళీ తెర ఎర్రబడేసరికి ఉలిక్కిపడి స్టిక్కరు వేసేవాణ్ణి. ఇంట్లో నా భార్య ఏదైనా అడిగితే నేను గోడ వైపు చూస్తూ ఉండిపోయేవాణ్ణట. "ఈ మనిషి యాడుంటాడో," అనేది. నిజం చెప్పాలంటే ఆ పని నాకు ఇష్టం. అంత ఇష్టమైన పని ఇంకొకటి చేయలేదు.

రిటైరవడానికి రెండేళ్ళు ఉందనగా ఒక ఉదయం తెరలో కుడి వైపు కింద చిన్న మబ్బు కనిపించింది. గ్లాసెడు పాలల్లో ఒక చుక్క డికాషన్ పడితే, కలవకముందు ఎలా ఉంటుందో అలా ఉంది. బీ స్టిక్కరు వేశాను. కాసేపటికి ఇంకొకటి వచ్చింది, అదే చోట. ఆ వారంలో చాలా వచ్చాయి. లెక్క చూస్తే ఒక వరస కనిపించింది. పొద్దున వచ్చే సెట్లలో మబ్బు ఎక్కువ. మధ్యాహ్నం రెండు దాటాక వచ్చేవాటిలో దాదాపు లేదు.

ఇందులో తెలుసుకోవలసింది ఒకటే. టీవీ చుట్టూ ఉండే ఫ్రేమును బిగించేటప్పుడు బొటనవేలితో ఎక్కువ నొక్కితే లోపలి తెర నలిగి అక్కడ మబ్బు పడుతుంది. మా లైనులో కింది ఫ్రేము బిగించే బల్ల ఒక్కటే. ఉదయం షిఫ్టులో రెండు గంటల దాకా అక్కడ ఒక అమ్మాయి ఉండేది. రెండు తర్వాత వేరే మనిషి వచ్చేవాడు. ఇక తేల్చడానికి ఏముందని అనుకున్నాను.

ఆ అమ్మాయిది పలమనేరు దగ్గర పల్లె. ఇంట్లో ఆవులున్నాయి. తిరుపతిలో ఒక గది అద్దెకు తీసుకుని చెల్లెల్ని నర్సింగు చదివిస్తూ ఉండేది. మూడేళ్ళుగా కాంట్రాక్టు మీద పనిచేస్తోంది, ఇంకో నాలుగు నెలలకు పర్మనెంటు జాబితా వేస్తారు. అందులో పేరుంటే ఉద్యోగం ఉన్నట్టు. లేకపోతే కాంట్రాక్టు అయిపోయినట్టే, అక్కాచెల్లెళ్ళిద్దరూ గది ఖాళీ చేసి ఊరికి వెళ్ళాల్సిందే, చెల్లెలి చదువు మధ్యలో ఆగినట్టే.

నాకు సాయంగా ఇద్దరు ఉండేవాళ్ళు, ఇద్దరూ నాకంటే బాగా చిన్నవాళ్ళు. వాళ్ళను పిలిచి బూడిద రంగు చూపించాను. "సూడండప్పా, కుడి పక్క కింద."

ఒకతను ముందుకు వంగాడు. "ఆ... ఉండాది సార్. లైటుగా."

రెండో అతను, "నేను నిన్ననే అనుకున్నా సార్. మీరు సెప్తారులే అని ఊరకున్నా," అన్నాడు.

నాకు తృప్తిగా అనిపించింది. తర్వాత అమ్మాయిని కూడా పిలిపించాను, తన తప్పు తాను చూసుకుంటే మంచిదని. ఆమె కుర్చీలో కూర్చుని చూసింది. లేచి దగ్గరికి వెళ్ళి చూసింది. పక్క నుంచి చూసింది. చివరికి, "నాకేం అగపడలేదు సార్," అంది.

నేను నవ్వాను. "ఇది అగపడాలంటే ఇరవై ఏండ్లు పడతాది పాపా."

"అంతేమో సార్. కానీ నేనైతే నొక్కలేదు. ఏడేండ్లప్పటి నించి ఆవు పొదుగు పట్టిన సెయ్యి ఇది. కొంచెం ఎక్కువ నొక్కితే ఆవు తంతాది. ఎంత నొక్కాలో నా సేతికి తెలుసు."

ఆ మాట నాకు పొగరుగా వినిపించింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని మనసులో అనుకున్నాను. ఆ సామెత ఆ గదిలో ఎవరికి చెల్లుతుందో అప్పుడు నాకు తట్టలేదు.

ఆమెకు రెండుసార్లు మళ్ళీ శిక్షణ ఇప్పించారు. మబ్బు పోలేదు. పనివాళ్ళలో ఆమెకు 'బరువు చెయ్యి' అని పేరు పడింది. క్యాంటీనులో ప్లేటు కింద పెడితే కూడా, "మెల్లిగా పాపా, పగిలిపోతాది," అని నవ్వేవాళ్ళు. నాలుగు నెలలు ఇలా గడిచాయి. నేను రిపోర్టు రాసి ఇచ్చాను. నా సంతకం ఉన్న కాగితానికి తిరుగుండదు.

జాబితా వేసే ముందు రోజు ఉదయం ఆమె మేనేజరు దగ్గరికి వెళ్ళింది. మేనేజరుది కూడా చిత్తూరే, నాకంటే పదిహేనేళ్ళు చిన్న, మర్యాదస్తుడు. "సార్, ఒక్కటే అడుగుతా. పెద్దసారు మబ్బుందని పక్కన పెట్టిన టీవీని తలకిందులుగా పెట్టి మళ్ళా సూడమనండి. అది నా బొటనేలే అయితే టీవీతో పాటు తిరగాల. కింద కుడి పక్కుండేది పైన ఎడం పక్కకి రావాల. వస్తే నేనే కాగితం రాసిచ్చి పోతా," అందట.

మేనేజరుకు కాదనడానికి కారణం దొరకలేదు. అందరం నా గదికి వచ్చాం. అప్పుడే బీ స్టిక్కరు వేసిన సెట్టును ఇద్దరు ఎత్తి తలకిందులుగా స్టాండుకు బిగించారు. నాకు కొంచెం కోపం, కొంచెం వేడుక. కుర్చీలో కూర్చున్నాను. నా సాయం ఇద్దరూ వెనకాల, మేనేజరు తలుపు దగ్గర, అమ్మాయి గోడకు ఆనుకుని ఉన్నారు. లైటు ఆర్పారు. రంగులు ఒక్కొక్కటే వచ్చి పోయాయి. బూడిద రంగు వచ్చింది. ఎడమ కన్ను మూశాను.

మబ్బు ఉంది. కుడి వైపు, కింద. రోజూ ఎక్కడ ఉండేదో అక్కడే.

నేను ఇంకా నోరు తెరవలేదు. మేనేజరు చీకట్లో నుంచి నా సాయం వాళ్ళను అడిగాడు. "ఏమప్పా, యాడుండాది?"

"పైన సార్, ఎడం పక్క. బాగా తెలస్తాండాది," అన్నాడొకడు.

"అవును సార్, పైనే," అన్నాడు రెండోవాడు.

టీవీ తిరిగినా నాకు మబ్బు తిరగలేదంటే అది టీవీలో లేనట్టే. నాలుగు నెలలుగా వాళ్ళిద్దరూ ఏమీ చూడలేదు. పెద్దాయన ఉందన్నాడు కాబట్టి ఉందన్నారు. పెద్దల మాట చద్దిమూట అని మనం పిల్లలకు నేర్పుతాం, వాళ్ళు నేర్చుకున్నారు. తప్పు వాళ్ళదని ఎలా అనను? ఆ గదిలో ఉన్నది ఉన్నట్టు చెప్పింది ఒక్క ఆ అమ్మాయే, ఆ మాటను నేను నవ్వి కొట్టిపారేశాను.

అన్నేళ్ళలో మొదటిసారి ఆ కుర్చీలో కూర్చుని చూపు కదిపాను. మెల్లగా పైకి చూశాను. మబ్బు పైకి లేచింది. ఎడమకు చూశాను, ఎడమకు వచ్చింది. పెంపుడు కుక్కలా చూపు వెంటే తిరిగింది. కుడి కన్ను మూసి, ఎడమ కన్ను తెరిచాను. తెర కడిగిన పలకలా ఉంది.

"మీరు సెప్పండి సార్. యాడుండాది?" అన్నాడు మేనేజరు.

ఆ చీకట్లో ఎవరి ముఖం ఎవరికీ కనిపించదు. 'పైన' అన్న ఒక్క మాటతో నా పరువు, నా స్టిక్కరు, అన్నీ నిలబడతాయి. సిగ్గుతోనే రాస్తున్నాను, ఆ మాట నా నోటి దాకా వచ్చింది. "కొంచెం టైమియ్యండి. మళ్ళా సూసి సెప్తా," అని అందరినీ బయటికి పంపించాను.

ఒక్కణ్ణే కూర్చున్నాను. రంగులు మారకుండా బూడిద దగ్గరే ఆపేశాను. ఎంతసేపో తెలియదు. మబ్బును అటు నడిపించాను, ఇటు నడిపించాను. ఒక దశలో అది అందంగా కూడా అనిపించింది, ఎండాకాలం సాయంత్రం కొండ మీదికి వచ్చి వాన పడకుండానే వెళ్ళిపోయే మబ్బు ముక్కలా. చిన్నప్పటి నుంచి పచ్చకామెర్లవాడి సామెత వింటూనే ఉన్నాం, అది మన గురించేనని ఎవరం అనుకోం. నాలుగు నెలల్లో నేను బీ వేసి పంపిన టీవీలు గుర్తొచ్చాయి. పుంగనూరులోనో, మదనపల్లెలోనో ఎవరి ఇళ్ళల్లోనో అవి నిక్షేపంగా ఆడుతూ ఉంటాయి. సెకండ్సని చవగ్గా కొన్నవాళ్ళు, 'ఇందులో లోపం యాడుండాది' అని వెతికి వెతికి విసిగిపోయి ఉంటారు. వాళ్ళకు నా వల్ల మేలే జరిగింది. ఆ అమ్మాయి సంగతి అట్లా నవ్వుకుని వదిలేసేది కాదు.

లేచి మేనేజరు గదికి వెళ్ళి ఉన్నది చెప్పాను. ఆయన లేచి తలుపు వేసి వచ్చాడు.

"సార్, ఈ మాట ఈ గది దాటొద్దు. ఆ పాప పేరు జాబితాలో ఎక్కిస్తాను, అది నా పూచీ. ఇంకో బల్లకి మార్చేస్తాం. మబ్బు తగ్గిందని మనమే అనేద్దాం. మీరు రేపటి నించి స్టోర్సులో కూసోండి, కంటికి సూపిచ్చుకోండి. నాలుగు నెలలు తప్పు స్టిక్కర్లు ఏసినామని తెలిస్తే మన మాటకి ఎవురు ఇలువిస్తారు?"

అమ్మాయి ఉద్యోగం నిలబడుతుంది, నా పరువూ నిలబడుతుంది. నేను తలూపాను. ఊపడమే కాదు, గుండెల మీద నుంచి బరువు దిగినట్టయింది. ఇది కూడా దాచను.

ఆ మధ్యాహ్నమే కంటి ఆసుపత్రికి వెళ్ళాను. డాక్టరమ్మ చాలాసేపు పరీక్ష చేసింది. నాకు చక్కెర జబ్బు ఉంది. కుడి కంటి లోపల, వెనక పొరలో నీరు చేరిందని చెప్పింది.

"పొద్దున పూట ఎక్కువగా ఉంటుందా?" అని అడిగింది.

"మధ్యాహ్నం రెండు దాటితే తగ్గిపోతుందమ్మా," అన్నాను.

రాత్రంతా పడుకుని ఉంటే ఆ నీరు పెరుగుతుందట, లేచి తిరిగితే కొన్ని గంటలకు తగ్గుతుందట. ఉదయం షిఫ్టు, మధ్యాహ్నం షిఫ్టు అని నేను గీసిన గీత నా కంట్లోనే ఉంది. "ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉంది?" అంది. నాలుగు నెలలన్నాను. "అన్నాళ్ళు ఎక్కడున్నారు?" అని కసిరింది. డ్యూటీలో ఉన్నానని చెప్పాను.

మర్నాడు ఉదయం కంపెనీ బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. కొండల మీద మంచు పట్టి ఉంది. ఎడమ కన్ను మూసి చూస్తే నిజం మబ్బుల మధ్య నా మబ్బు కూడా కలిసిపోయింది, ఏది ఏదో తెలియలేదు. బస్సు కుదుపుకు కళ్ళు మూతపడ్డాయి. అన్నీ సర్దుకున్నాయన్న నిద్ర అది. హాయిగా ఉంది.

స్టోర్సుకు వెళ్ళే దారి లైను పక్క నుంచే. జాబితా అప్పటికే గోడకు అంటించారు, ఆమె పేరు ఉంది. అయినా ఆ రోజుకింకా పాత బల్ల దగ్గరే ఉంది. ఒక మాట పలకరించి వెళదామని ఆగాను. అప్పుడు ఆమె చేతులు చూశాను. రెండు బొటనవేళ్ళకూ దూది పెట్టి పాత చీరపేలికలు చుట్టుకుని ఉంది. లావుపాటి ఆ వేళ్ళతో ఫ్రేము పట్టుకోలేక తంటాలు పడుతోంది.

"ఏంది పాపా ఇది?" అన్నాను.

"మెత్తగా పడతాదని సార్. మూడు నెల్లాయె."

మూడు నెలలు. చూడటమే నా ఉద్యోగం, రోజూ ఈ బల్ల పక్క నుంచే నడిచాను.

"జాబితాలో పేరుండాది కదా. తీసెయ్ ఇంక."

"పేరుండాది సార్. సార్లు జాలిపడి ఏసినారని అందురూ అంటాండారు. సెయ్యి బరువు యాడికి పోతాది?" పని ఆపకుండానే చెప్పింది. "మొన్న ఊరికి పోయినప్పుడు ఆవు కాడికే పోలేదు సార్. యాడ గట్టిగా పడతానో అని. మా యమ్మనే పిండమంటి."

ఏడేళ్ళ వయసు నుంచి ఆవు నమ్మిన చేతి మీద నేను నాలుగు నెలల్లో ఆమెకే అనుమానం పుట్టించాను. ఉద్యోగం తిరిగి ఇచ్చినంత మాత్రాన ఆ చెయ్యి తిరిగి రాదని అప్పుడు అర్థమైంది. మేనేజరుకు ఇచ్చిన మాట గుర్తుంది. ఆయన మంచివాడే. అయినా అక్కడే నిలబడి, మెషీన్ల చప్పుడు మీదుగా వినబడేలా నా గొంతు చేతనైనంత పెద్దది చేశాను.

"అందురూ ఇనండప్పా! ఈ పాప సేతిలో ఏ బరువూ లేదు. ఒక్క టీవీని కూడా ఈ పాప పాడు సేయలేదు. మబ్బు ఉండేది నా కంట్లో. నిన్న డాక్టరు కూడా సెప్పింది. నాలుగు నెల్లు నేను సూసిందంతా తప్పు. తప్పు నాది."

లైను పొడుగునా తలలు లేచాయి. నా సాయం ఇద్దరూ నేల వైపు చూస్తున్నారు. మేనేజరు గది తలుపు తెరుచుకుంది. నా మనసు ఎందుకో ఆ బూడిద తెర ముందు కూర్చున్నప్పటిలా నిశ్శబ్దంగా ఉంది. ఆమె ఏడుస్తుందనో, పోనీలే సార్ అంటుందనో అనుకున్నాను. ఆమె నన్ను నిలువునా చూసింది.

"మొదటి దినమే సెప్తిని కదా సార్," అంది.

తర్వాత ఒక బొటనవేలికి చుట్టిన పేలిక విప్పింది. రెండోది పళ్ళతో ముడి లాగి విప్పింది. వేళ్ళు నీళ్ళల్లో నానినట్టు తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. వాటిని రెండుసార్లు ముడిచి, చాపి చూసుకుంది. బెల్టు మీద తర్వాతి టీవీ వచ్చేస్తోంది, నేను దానికి అడ్డంగా నిలబడి ఉన్నాను.

"జరగండి సార్. పనుండాది," అంది.

నేను జరిగాను.